గాలి దిక్కు మరిచిన గీత

కళింగపట్నం ఆడవాళ్లంతా నా గీత చూసే పొయ్యి వెలిగిస్తారని విజయనగరం కాలేజీ స్టాఫ్ రూంలో కోసేవాణ్ణి. అబద్ధం. ఆ గీతను నమ్మింది ఒక్కత్తే, మా అప్ప, నా తోడబుట్టిన పెద్దది.

మా నాన్న చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. ఆ రోజు అమ్మ రేవులో కూర్చున్న తీరు అప్ప కళ్లలోంచి పోలేదు. బావ సముద్రం మీద ఉన్నంతసేపూ తనూ అలాగే కూర్చునేది. ఓసారి నాతో అంది: "ఒరే తమ్ముడా, లెక్కల మేస్టరివి గదా. ఎంతసేపు దాటితే బయపడాలో సెప్పు. అందాకా వండుకుంటాను."

ఒడ్డు దగ్గరపడి సిగ్నల్ అందగానే బావ మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. అప్ప ఫోన్లోంచి ఆ వేళలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాను. సగటు వేళ భయానికి పనికిరాదు. వెళ్లిన దూరాన్నీ గాలి వేగాన్నీ బట్టి, పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏ వేళలోపు వచ్చేస్తాడో ఆ అంచున గీత గీశాను. క్వాంటైల్ రిగ్రెషన్ అంటారు. అప్ప రేవుకెళ్లడం మానేసింది.

"మోడల్ సరైనదో కాదో టెస్ట్ చేశారా మాస్టారూ?" అంది కొత్తగా చేరిన లెక్చరర్ ఒకావిడ.

"సముద్రమే చేసిందమ్మా" అన్నాను. చెయ్యలేదు. ఓ మధ్యాహ్నం ఆవిడే కూర్చుని చేయించింది.

గీత నిజమైతే, ఆలస్యమైన ఆ పదోవంతు ఎక్కడపడితే అక్కడ చెదిరి ఉండాలి. ఒకచోట గుంపు కట్టకూడదు. గీతే నిజమనుకుని కంప్యూటరు వేలసార్లు ఉత్తుత్తి రాకలు పుట్టించింది. బావ నిజం రాకల్లో ఉన్నంత గుంపు వాటిలో ఎక్కడా పడలేదు. బావ ఆలస్యాలన్నీ పడమటి గాలి రోజులే. ఒడ్డుకొచ్చే ఇంజిన్ తెప్పకి అది ఎదురుగాలి. జాలరి కొడుకునై ఉండి, గాలి వేగం పెట్టి దిక్కు మరిచాను!

మిగతా రోజుల్లో బావ గీతకి చాలా ముందే వచ్చేసేవాడు. అంటే ఆ రోజుల్లో భయపడాల్సిన వేళ దాటిపోయినా నా గీత అప్పకి లేనిపోని ధైర్యం ఇస్తోందన్నమాట. వెంటనే అప్పకి ఫోన్ చేశాను.

"ఏ గాలప్పా?"

"తూరుపు. ఏటి?"

"బావ కాల్ వచ్చిందా?"

"నేదు. నీ గీత దాటనేదు గదరా, పులుసు పెడతన్నాను."

"గీత తప్పప్పా. రేవుకెళ్లు."

అవతల గరిటె కిందపడ్డ చప్పుడు.

నా టెస్టే బావని బతికించిందని ఇప్పటికీ చెప్పుకుంటాను. నిజానికి అప్ప రేవు చేరేసరికే, ఇంజిన్ ఆగిన బావ తెప్పని పక్క తెప్పవాళ్లు లాక్కొస్తున్నారు.

దిక్కు కూడా కలిపి కొత్త గీత గీశాను. టెస్టులో నిలిచింది. "నీ దగ్గరే ఉంచుకోరా" అంది అప్ప ఫోన్లో. వెనకాల అలల హోరు. మళ్లీ రేవులోనే కూర్చుందన్నమాట.

ఉంచుకున్నాను. బావ వేట మానేసి చాలాకాలమైంది. అయినా తూర్పు గాలి వీచే మధ్యాహ్నాల్లో గడియారం ఆ కొత్త గీత వేళ దాటగానే, నాన్న ఇంకా రాలేదేమిటని లేచి కూర్చుంటాను.