కదలనంటే కదలడు ఆర్డెల్

మా ఆర్డెల్ బ్రూసార్డ్ కదలడు. వాడి గురించి చెప్పుకోవాల్సింది అదొక్కటే. మిగతాదంతా మూడొందల నలభై పౌండ్ల ఒళ్లు.

టోలీడో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో పదకొండేళ్లుగా వాడి ఉద్యోగం కూడా అదే. డిఫెన్స్ వరసకి నట్టనడుమ చెయ్యి నేలకి ఆనించి వంగుతాడు. ఎదుటివాళ్లు ఇద్దరేసి వచ్చి గుద్దుతారు. వాళ్లు వీడితో తంటాలు పడుతుండగా పక్కనున్న మావాడెవడో వెళ్లి బంతి పట్టుకున్నవాణ్ణి పడగొడతాడు. చప్పట్లు వాడికి, బొప్పులు వీడికి. ఇన్నేళ్లలో ఆర్డెల్ పేరు పేపర్లో నాలుగుసార్లు పడింది. అందులో రెండు వాడి కుక్క తప్పిపోయినప్పుడు.

చిక్కేమిటంటే మైదానం బయట కూడా వాడు డ్యూటీలోనే ఉండేవాడు. భోజనాల హాల్లో మాకరోనీ ట్రే ముందు నిలబడ్డాడంటే వెనకున్న నలభైమంది తిండి చల్లారిపోవాల్సిందే.

"కాస్త జరుగు నాయనా!"

"మీరే చుట్టూ తిరిగి రండి."

వాడి పెళ్లిలో ఫొటోగ్రాఫర్ "పెళ్లికొడుకుగారూ, ఒక్కడుగు ఎడమకి" అన్నాడట. కదలనన్నాడు. చుట్టాలంతా వరసగా కుడికి జరిగారు. చివర్న పెళ్లికూతురి మేనమామ చర్చి గుమ్మం దాటి మంచులో నిలబడ్డాడు. ఇప్పటికీ ఫొటోలో ఆయనది ఒక చెవే ఉంది.

ప్రాక్టీసులో వీడికి రోజూ ఎదురుపడేది మా జట్టులోనే ఉన్న సెంటర్, వెండెల్ క్రూపా. బంతి వెనక్కి అందించి, మరుక్షణం ఆర్డెల్ గుండెల మీద పడటం అతని పని. తొమ్మిదేళ్లు ఇద్దరూ పొట్టేళ్లలా ఢీకొన్నారు.

"గుద్దావా వెండెల్? దోమ వాలిందనుకున్నా."

"ముందు పళ్లు తోముకో. ఆ కంపుకే సగం చచ్చాను."

పోయినేడాది ఆగస్టులో, ఆటగాళ్లని ఏరివేసే రోజుకి వారం ముందు, జరగరానిది జరిగింది. క్రూపా తోస్తే ఆర్డెల్ రెండడుగులు వెనక్కి వెళ్లాడు! మర్నాడూ అంతే. మైదానమంతా నోరు వెళ్లబెట్టింది. కోచ్ హాన్రటీ ఆ వీడియో నాలుగుసార్లు తిప్పి చూసి, లిస్టులో ఆర్డెల్ పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.

"ఏమైందిరా నీకు?" అన్నాను నేను.

"గడ్డి జారింది."

"రోజూనా?"

"రోజూ అదే గడ్డి కదా గిల్."

నా ఉద్యోగం గురించి కూడా చెప్పాలి. ఏరివేత రోజు తలుపు తట్టి "కోచ్ పిలుస్తున్నాడు, ప్లేబుక్ తెచ్చుకో" అనే పాపిష్టి పని నాది. ఆ ఎత్తుగడల పుస్తకం తిరిగి ఇచ్చెయ్యమన్నారంటే వాడికి ఆట అయిపోయినట్టే. ఆ రోజు నన్ను చూస్తే అందరూ బాత్రూముల్లో దాక్కుంటారు. నాలుగింటికల్లా లీగ్ ఆఫీసుకి లిస్టు పంపాలి. మధ్యాహ్నం క్రూపా తలుపు తట్టాను; ఆర్డెల్‌ని నెట్టినా వయసు మీదపడిందని అతని పేరు కొట్టేశారు. పాపం, ప్లేబుక్ చంకన పెట్టుకుని నా వెంట వచ్చాడు.

ముందు డాక్టరు గదికి వెళ్లాలి. అక్కడ "నా ఒంట్లో ఏ దెబ్బా లేదు" అన్న కాగితం మీద సంతకం పెట్టాలి. దెబ్బ ఉంటే నయమయ్యేదాకా జట్టే చూసుకోవాలి. సంతకం పెట్టాడా, ఇక వాడి ఖర్మ వాడిది.

వెళ్లేసరికి ఆ గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆర్డెల్ కూర్చున్నాడు. గుమ్మం నిండిపోయింది. లోపల డాక్టరు వాడి భుజం మీదుగా బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాడు.

"లే ఆర్డెల్," అన్నాను.

"లేవను. వెండెల్ మోకాలు స్కాన్ తియ్యండి."

క్రూపా భగ్గుమన్నాడు. "నోర్ముయ్! నా మోకాలు గుండ్రాయిలా ఉంది. పోయిందని తెలిస్తే ఇంకే జట్టు పిలుస్తుంది నన్ను?"

"కుంటుకుంటూ వెళ్తే పిలుస్తారా? తొమ్మిదేళ్లుగా నా గుండెల మీద తోస్తున్నావు. వారం నుంచి నీ ఎడమకాలి బలం రావడం లేదు. నీ పెళ్లాం కళ్లు కప్పగలవేమో గానీ, నా దగ్గరా నీ నాటకాలు?"

గోల విని కోచ్ వచ్చాడు. "లే. నీ పేరు పక్కన కూడా ప్రశ్నార్థకం ఉంది, తెలుసా?"

"ఇంకోటి పెట్టుకోండి కోచ్. నేను మాత్రం లేవను."

కోచ్ క్రూపా మోకాలివైపు చూశాడు. "అయితే వారం రోజులుగా వెండెల్‌కి ఒక్క కాలే ఉందంటావ్."

"అవును."

"ఆ ఒంటికాలితోనే నిన్ను రోజూ రెండేసి అడుగులు నెట్టాడా?"

క్రూపా మొహం ఎర్రబడింది. ఆర్డెల్ మొదటిసారి తల దించుకుని తన బూట్లు చూసుకున్నాడు.

"గడ్డి జారింది," అన్నాడు.

కోచ్ జేబులోంచి లిస్టు తీసి ప్రశ్నార్థకం కొట్టేశాడు. "డాక్టర్, స్కాన్ తియ్యండి."

క్రూపాని లోపలికి పంపి, ఆర్డెల్ మళ్లీ గుమ్మంలోనే కూర్చున్నాడు, ఎవరైనా ఆ కాగితం పట్టుకొస్తారేమోనని. మోకాల్లో లిగమెంట్ తెగిందని నాలుగింటికి పది నిమిషాల ముందు తేలింది. ఆపరేషన్ ఖర్చు జట్టుదే, క్రూపా పేరు గాయపడ్డవాళ్ల లిస్టులో. నాకు మాత్రం ఆ లావాటివాణ్ణి వాటేసుకోవాలనిపించింది, చేతులు చాలవని ఊరుకున్నాను.

చంకల్లో కర్రలతో క్రూపా లోపలినుంచి గుమ్మం దాకా వచ్చాడు; ఆర్డెల్ కుర్చీ అతనివైపు తిప్పుకున్నాడు. కళ్లు తడిగానే ఉన్నాయి, నోరు మాత్రం మారలేదు.

"దారియ్యరా, దున్నపోతా."

"కదలను. చేతనైతే నెట్టు."

క్రూపా ఒక కర్ర వాడి భుజం మీదుగా నాకిచ్చి, అరచెయ్యి వాడి గుండెల మీద ఆనించాడు. తొయ్యనైనా లేదు.

ఆర్డెల్ కుర్చీతో సహా రెండడుగులు వెనక్కి జరిగాడు.