కాగితాల లెక్కలో చిక్కుకున్న నన్ను ప్రభువు విడిపించిన విధం

సహోదరులారా, సహోదరీలారా, మా ఆయన మెడకు కుడివైపున ఉసిరికాయంత గడ్డ కనిపించిన రోజు నుండి నాకు కంటి మీద కునుకు లేదు, నోటికి ముద్ద దిగలేదు! ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. ఒకనాడు బందు, మరునాడు రాస్తారోకో, బస్సులు ఎప్పుడు నడుస్తాయో ఎప్పుడు ఆగుతాయో ఎవరికీ తెలిసేది కాదు. మాది గుంటూరు వైపు. మా ఆయన జోజయ్య గారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవారు, ఎల్.బి.నగర్ నుండి కర్మన్‌ఘాట్ వెళ్లే దారిలో ఒక సందులో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకు ఉండేవాళ్లం. దేవుడు మాకు పిల్లల్ని ఇవ్వలేదు, ఆయనకు నేను, నాకు ఆయన, అంతే. ఆసుపత్రిలో ఆ గడ్డ నుండి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు, రిపోర్టు రావడానికి పది పన్నెండు రోజులు పడుతుందన్నారు. ఏ జబ్బు పేరు ఉంటుందోనని మేమిద్దరం వణికిపోతున్నామో ఆ పేరు ఆయనా పలకలేదు, నేనూ పలకలేదు.

నా సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. ఈ శౌరమ్మకు ఒక్కో భయానికి ఒక్కో పునీతుడు! తాళంచెవి కనిపించకపోతే అంతోనివారు, కళ్లు మండితే లూసియమ్మ, ఊరికి బయలుదేరితే క్రిస్టఫర్‌వారు, అలా క్యాలెండరులో ఉన్న పండుగలన్నీ నాకు మందుల చీటీలాగే కనిపించేవి. ఫిబ్రవరిలో పునీత బ్లేజువారి పండుగనాడు ఫాదర్ గారు రెండు కొవ్వొత్తులు అడ్డంగా పట్టి అందరి గొంతులనూ ఆశీర్వదిస్తారు గదా, ఆ సంవత్సరం మా ఆయనకు కాస్త జ్వరంగా ఉందని నేనే ఆయన్ను గుడికి రానివ్వలేదు. గడ్డ చూడగానే నాకు మొదట గుర్తొచ్చింది అదే! ఆ ఆశీర్వాదం అందకే గొంతు దగ్గర ఈ గడ్డ లేచింది, అంతా నా చేతులారా చేసుకున్నాను అని తల బాదుకున్నాను. నవ్వకండి, అప్పుడు నా బుద్ధి అలాగే ఉంది.

అక్టోబరులో పునీత యూదా తదేయువారి పండుగకు ముందు నవదిన ప్రార్థనలు మొదలయ్యాయి. ఇక దారి లేదు అనుకున్నవాళ్లకు దిక్కు ఆయనేనని మా అమ్మ చెప్పేది. మొదటిరోజు దిల్‌సుఖ్‌నగర్ గుడిలో నేను కూర్చున్న బల్ల మీద ఒక కాగితం దొరికింది. దాని మీద పునీతునికి ఒక ప్రార్థన ఉంది, కింద చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: ఈ ప్రార్థనను తొమ్మిది రోజులు, రోజుకు తొమ్మిది ప్రతుల చొప్పున గుడిలో ఉంచాలి, ఎనభై ఒకటి పూర్తయ్యేసరికి కోరిక నెరవేరుతుంది, మధ్యలో ఆపినవారి ఇంట కీడు జరుగుతుంది. ఆ చివరి మాట మళ్లీ మళ్లీ చదివాను. చదవకముందైతే ఏమో, చదివాక వదిలేస్తే ఆ కీడు మా ఇంటికే వస్తుంది గదా అనిపించింది!

ఇక చూడండి నా అవస్థ. రోజూ పొద్దున్నే జిరాక్స్ తీయించడం, బస్సు దొరికితే బస్సు, లేకపోతే ఆటో, అదీ లేకపోతే నడక, గుడికి వెళ్లి తొమ్మిది బల్లల మీద తొమ్మిది కాగితాలు పెట్టడం, ఇంటికొచ్చాక అవి తొమ్మిదేనా ఎనిమిదా అని అనుమానం. ఒకరోజు ప్రతి మీద సిరా చెదిరితే అది లెక్కలోకి రాదేమోనని మళ్లీ తీయించాను. గుడి ఊడ్చే ఆమె నా కాగితాలన్నీ పోగుచేసి పక్కన పెడితే ఆమె మీద కోపంతో ఊగిపోయాను, దివ్యబలిపూజలో కూర్చుని కూడా నా కళ్లు పీఠం మీద లేవు, బల్లల మీద ఉన్నాయి. మా ఆయన నన్ను చూసి, "శౌరీ, ఇంత లెక్క నా దగ్గర చదివే పిల్లలు కూడా వేయరే" అనేవారు, నేను విసుక్కునేదాన్ని.

ఇంకొక పాపం కూడా దాచకుండా చెప్పాలి. మా గోడకు ఆనుకుని ఉన్న పోర్షన్‌లో నల్గొండ నుండి వచ్చిన యాదమ్మ కుటుంబం ఉండేది. ఆమె భర్త నర్సింహ బస్సు కండక్టరు, సమ్మెలో ఉన్నాడు, మెడలో గులాబీ కండువాతో ధర్నాలకు వెళ్లేవాడు. అంతకుముందు పచ్చడి గిన్నెలు అటూ ఇటూ తిరిగేవి, పండుగకు కేకు మా ఇంటి నుండి, బతుకమ్మకు సద్దులు వాళ్లింటి నుండి వచ్చేవి. రోడ్డు మీద నినాదాలు పెరిగేకొద్దీ నాకు వాళ్లను చూస్తే గుండె దడ మొదలైంది, ఎప్పుడో ఒకరోజు మమ్మల్ని వెళ్లిపొమ్మంటారని నాకు నేనే ఊహించుకుని మాటలు మానేశాను. వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు, తలుపు వేసుకున్నది నేనే.

ఏడవ రోజు బందు. మా ఆయనకు షుగరు ఉంది, ఇన్సులిన్ సూది రోజూ పొద్దున నేనే వేస్తాను, వేసిన అరగంటలో ఆయన తప్పకుండా తినాలి. ఆ రోజు ఏడున్నరకు సూది వేశాను. అప్పుడే సందు చివర జిరాక్స్ షాపు షట్టర్ చప్పుడు వినిపించింది, బందు మొదలైతే మళ్లీ తెరవరని నాకు కాళ్లు ఆగలేదు. "పది నిమిషాల్లో వచ్చి ఉప్మా చేస్తానండీ" అని చెప్పి బయటపడ్డాను. గొడవల రోజు, ఎవరు పిలిచినా ఈయన తలుపు తీసేస్తారని బయటి నుండి తాళం కూడా వేశాను! ఫోను ఛార్జింగులోనే మర్చిపోయాను. దేవుడు నన్ను క్షమించుగాక.

ఆ చప్పుడు షట్టర్ తీసినది కాదు, దించినది. సరే, పక్క సందులో చూద్దామని వెళ్లాను, అక్కడా మూసే ఉంది, మెయిన్ రోడ్డుకు వచ్చాను, కొత్తపేట దాకా ఒక్క షాపు లేదు. ఇక్కడి దాకా వచ్చాను గదా, ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ దిల్‌సుఖ్‌నగర్ చేరాను. రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయి, ఒకవైపు పోలీసులు, మరోవైపు విద్యార్థులు, రాళ్లు పడ్డాయి, అందరూ పరుగెత్తితే నేనూ పరుగెత్తి ఒక మెట్ల కింద దాక్కున్నాను. ఎంతసేపో తెలియదు. అక్కడ కూర్చుని చేసిన ప్రార్థన నాకు ఇంకా గుర్తుంది: "యూదా తదేయువారా, ఆలస్యమైందని లెక్క తప్పించకండి, ఈ ఒక్క రోజు దాటించండి!" ఆయన పస్తుతో ఉన్నారన్న సంగతి నాకు ఆ మెట్ల కింద ఒక్కసారైనా తోచలేదు సహోదరులారా, కాగితాలే తోచాయి. చివరికి ఒక షాపాయన సగం షట్టర్ ఎత్తి తొమ్మిది ప్రతులు తీసి ఇచ్చాడు, గుడి గేటు వేసి ఉంటే కింది సందులో నుండి ఒక్కొక్కటే లోపలికి తోశాను, తొమ్మిదోది కూడా లోపలికి వెళ్లాక అమ్మయ్య అనుకున్నాను. అప్పుడు ఎదురుగా గోడ గడియారం చూశాను. పదకొండు దాటింది.

ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలియదు. సందు మలుపు తిరగగానే మా తలుపు బార్లా తెరిచి ఉంది, తాళం పగిలి గడప దగ్గర పడి ఉంది, పక్కనే ఒక బండరాయి. లోపల మంచం ఖాళీ! దుప్పటి మీద గులాబీ కండువా ఒకటి తడిసిపోయి పడి ఉంది. సహోదరులారా, ఆ క్షణంలో నా మనసు ఎంత చెడ్డగా ఆలోచించిందో ఈ పీఠం ముందు ఒప్పుకుంటున్నాను. ఆంధ్రవాళ్లమని ఇంట్లో పడి ఆయన్ను ఏదో చేసేశారు, ఆ కాగితంలో రాసి ఉన్న కీడు ఇదే అనుకుని కేక పెట్టి కూలబడ్డాను. నా కేక విని యాదమ్మ పక్కింట్లో నుండి పరుగెత్తుకొచ్చి నా రెండు భుజాలు పట్టుకుంది.

"గంతసేపు ఏడికి వోయినవక్కా? గోడవతల గ్లాసు పడ్డ సప్పుడైతే కిటికీలకెల్లి చూసిన, సార్ కింద పడున్నడు, ఒళ్లంత చెమటలు, పిలిస్తే పలుకుతలేడు. మా ఆయన తాళం పలగ్గొట్టి కండువతోని సార్ చెమటలు తుడిసిండు. నేను నోట్ల చెంపకు చక్కెర రుద్దిన, జర సోయికొచ్చిండు. గిప్పుడే దవాఖానకు తీస్కపోయిన్రు, పరేషాన్ గాకు."

ఆ మాటతో ఊపిరి తీసుకున్నాను. ఆమె నా ముఖం తుడుస్తూనే మళ్లీ అడిగింది.

"మా అత్తకు గూడ షుగరే గదక్కా. సూదిచ్చినంక బువ్వ వెట్టకుంట ఎట్ల వోయినవ్?"

 ఏ ఆసుపత్రి అని మాత్రం అడుగుతూ లేచాను. రోజుల తరబడి పలకరించని నా చెయ్యి పట్టుకుని ఆమె ఆసుపత్రిదాకా నడిచి వచ్చింది. దారిలో చౌరస్తా దగ్గర ఉన్నవాళ్లు చెబితే తెలిసింది, అక్కడ రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చింది నర్సింహ వాళ్లేనట, మా ఆయన్ను తీసుకెళ్తున్న ఆటో రాగానే ఆ రాళ్లు వాళ్లే చేతులతో పక్కకు లాగి ఆటో ముందు పరుగెత్తుతూ దారి చేయించారట. వార్డు బయట నర్సింహ నిలబడి ఉన్నాడు.

"ఏం గాలేదమ్మా, గ్లూకోజ్ ఎక్కించిన్రు. కండ్లు తెరిసి మొదలు నిన్నే అడిగిండు" అన్నాడు.

లోపలికి వెళ్తే మా ఆయన నన్ను చూసి నీరసంగా నవ్వి, "శౌరీ, ఉప్మా ఏదీ?" అన్నారు. ఆ మంచం పక్కన మోకాళ్లూని బోరున ఏడ్చాను. అప్పుడు నా నోట వచ్చిన ప్రార్థన ఏ పుస్తకంలోనూ లేదు, ఏ కాగితం మీదా లేదు: "ప్రభువా, నాకు లెక్కలు వద్దు, ఈయన కావాలి. నువ్వు ఈయన్ను తీసుకెళ్లినా నీ పాదాలు వదలను, కానీ ఉన్నంతకాలం ఈయన పక్కనే ఉండే బుద్ధి నాకియ్యి!" సహోదరులారా, ఆ మాటలంటుంటే నెలల తరబడి గుండె మీద కూర్చున్న బరువు దిగింది. రిపోర్టు ఇంకా రాలేదు, గడ్డ అలాగే ఉంది, అయినా బరువు దిగింది! దేవునికే మహిమ!

మరుసటి రోజు నేను ఒక్క కాగితమూ పెట్టలేదు. నిజమే చెబుతున్నాను, ఎనిమిదో రోజు ఆగిపోయింది, ఇప్పుడేమవుతుందో అని సాయంత్రం దాకా మనసు లాగుతూనే ఉంది. పండుగనాడు పాపసంకీర్తనంలో నా పాపాలు ఒప్పుకుని ఆ కాగితాన్ని ఫాదర్ గారికి చూపించాను. ఆయన చదివి, "అమ్మా, యూదా తదేయువారు ప్రభువు కోసం గొడ్డలికి మెడ వంచారే గానీ ఎవరినీ బెదిరించలేదు. ఈ బెదిరింపు రాసింది ఆయన కాదు" అన్నారు. ఇంకా ఆ పునీతుని సంగతి చెప్పారు. ప్రభువును అప్పగించిన ద్రోహి పేరూ ఈయన పేరూ ఒకేలా ఉన్నందువల్ల జనం ఈయన్ను పిలవడానికే జంకేవారట, అలా దూరం పెట్టబడిన ఆ మంచి అపోస్తలుడే చివరికి ఎవరూ లేనివాళ్లకు తోడయ్యాడట. అది వింటుంటే నాకు యాదమ్మ ముఖం కళ్ల ముందుకొచ్చింది. ఏ తప్పూ లేని మనిషిని నేను కూడా అలాగే దూరం పెట్టాను గదా అని సిగ్గుతో తల దించుకున్నాను. ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడిగాను. యాదమ్మ, "గవన్నెందుకక్కా, ముందు చాయ్ తాగు" అంది.

బందుల వల్ల రిపోర్టు ఇంకో వారం ఆలస్యమైంది. ఆ వారం మేము భయపడలేదని చెబితే అబద్ధమవుతుంది. భయపడ్డాం, కానీ ఇద్దరం కలిసి కూర్చుని భయపడ్డాం, వేళకు తిన్నాం, సాయంత్రం జపమాల చెప్పుకున్నాం, ఎన్ని పూసలు దాటాయో నేను చూసుకోలేదు. రిపోర్టులో మేము అనుకున్న జబ్బు లేదు. క్షయ గడ్డ అన్నారు, నెలల తరబడి మాత్రలు మింగాలి, తప్పకుండా తగ్గుతుందన్నారు. మా ఆయన పూటపూటకూ మింగారు, గడ్డ కరిగింది. ఇదిగో, మీ ముందే మూడో వరుసలో కూర్చుని నా మాటలకు తల ఊపుతున్నారు! వైద్యులకు కృతజ్ఞతలు, మా పొరుగువాళ్లకు కృతజ్ఞతలు, అందరినీ మా దగ్గరికి పంపిన దేవునికే మహిమ.

నన్ను విడిపించింది ఆ రిపోర్టు కాదు సహోదరులారా, రిపోర్టులో వేరే మాట ఉన్నా నేను ఇక్కడ నిలబడి ఇదే సాక్ష్యం చెప్పేదాన్ని. పునీతుల పండుగలు మానమని నేను అనను, నేనూ మానలేదు, ఈ ఏడూ బ్లేజువారి పండుగకు ఇద్దరం గొంతులు చాపి నిలబడ్డాం. మీలో ఎవరైనా ఈ రోజు ఒక కబురు కోసం, ఒక పరీక్ష ఫలితం కోసం గుండె అరచేతిలో పెట్టుకుని వచ్చి ఉంటే, ప్రభువును నమ్మండి, ఆయన మిమ్మల్ని బెదిరించడు, మీరు తప్పు లెక్క వేశారని మీ ఇంటి మనిషిని తీసుకుపోడు. పూజ అయ్యాక నా దగ్గరికి రండి, నేను మీ పక్కన కూర్చుంటాను. కానీ ఇంట్లో జబ్బు మనిషి ఎదురుచూస్తుంటే మాత్రం నా కోసం కూడా ఆగకండి, ముందు వెళ్లి అన్నం పెట్టండి. దేవుడు అంతదాకా ఆగుతాడు. ఆమెన్.