పేరు రాయని అంచు

హిందూపురంలో ఒక పట్టుచీరల కంపెనీలో నాది సెర్చ్ చూసుకునే పని. హిందూపురం ఆఫీసు, పెనుకొండ గోడౌను, ధర్మవరం డిజైన్ గది, ఈ మూడు చోట్ల కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించినారు. ఒక మాట కొడితే ఆ మాట ఉన్న కాగితాలన్నీ వరసగా వస్తాయి. అట్లని అందరికీ అన్నీ రావు. ఎవరికి ఏది కనపడాల, ఏది కనపడగూడదు అని హద్దులు పెట్టేది నేను.

ఈ పని దొరికినందుకు రోజూ దేవుడికి దండం పెట్టుకున్నదాన్నే. నేను బడికి పోలేదు. చిన్నప్పుడు గుండెజబ్బు అని డాక్టర్లు అంటే నాయన భయపడి ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పినాడు. పరీక్షలు మాత్రం బయటికి పోయి రాసినాను. ఏ కాలేజీ అని అడక్కుండా ఉద్యోగం ఇచ్చినవాళ్ళను ఈ పొద్దుకూ తలుచుకుంటాను. పెనుకొండలో బస్సెక్కినప్పుడు కిటికీ పక్కన చోటు దొరికినా, ఆ దేవుడు చూపించిందే అనుకునే మనిషిని.

సెర్చ్‌కు ఒక నియమం ఉంది. ఒక కాగితం నువ్వు చూడగూడదు అంటే, అది ఉందనే సంగతి కూడా నీకు తెలియగూడదు. గుళ్ళో మనం గర్భగుడిలోకి పోకపోయినా లోపల స్వామి ఉన్నాడని తెలుసు, గడప బయట నిలబడి మొక్కుకుంటాం. ఇక్కడ గడప కూడా కనపడదు. “ఏమీ దొరకలేదు” అని వస్తుంది, అంతే. లేనిదానికీ అదే మాట, ఉండి చూపించనిదానికీ అదే మాట. మొదట్లో నాకది చానా శుభ్రమైన పద్ధతి అనిపించింది.

ధర్మవరం డిజైన్ గదిలో ఒక అక్క ఉండేది. అంచులూ కొంగులూ గళ్ళకాగితం మీద గీసేది. ఒక్కొక్క గడి నింపుకుంటా పోతే నెలలు పట్టే పని. ఆమె గీసిన పెళ్ళిచీర అంచు ఒకటి ఉంది. మల్లెమొగ్గల తీగ, తీగ మీద తల తిప్పి వెనక్కి చూసే చిలక. “వెనక్కి చూసే చిలక ఉందా?” అని అడిగి మరీ కొనుక్కుపోయేవాళ్ళు. అక్క మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా, “అది నాదేమీ లేదు పాపా, చెయ్యి ఆయప్పది” అని గోడమీద చెన్నకేశవస్వామి పటం చూపించేది.

పాత గీతలన్నీ పెనుకొండ గోడౌనుకు తెప్పించి స్కాన్ చేయించినారు. దగ్గరుండి చూసుకున్నది నేనే. పాతవాళ్ళ కాగితాల్లో ప్రతిదాని నెత్తిన చెన్నకేశవస్వామి పేరు. అది చూసి నాకు కడుపు నిండినట్లయింది. స్కాన్ అయినాక, చెదలు పట్టినాయని ఆ కాగితాలను బస్తాలకెత్తి పారేసినారు. ఒకరి గీత ఇంకొకరు ఎత్తుకోకుండా, కాగితం మీద ఎవరి పేరుంటే వాళ్ళకే కనపడేటట్లు కట్టుదిట్టం చేయమన్నారు. చేసినాను.

కొన్నాళ్ళకు డిజైన్ గది మూసేస్తామని కబురు వచ్చింది. బెంగళూరులో కంప్యూటర్ మీద గీయించుకుంటే సరిపోతుందంట. మేనేజర్ సారు ఒక మంచి మాట కూడా చెప్పినాడు. “ఎవరికి సెర్చ్‌లో ఏమి కనపడితే అవి నెలాఖరు లోపల ప్రింటు తీసుకొని పొమ్మనమ్మా. వాళ్ళ గీతలు వాళ్ళవి.” మనసులోనే ఆయనకు నమస్కారం పెట్టుకున్నాను.

ఆ వారంలోనే అక్క ఫోన్ చేసింది.

“పాపా, ఏమీ దొరకలేదంటాంది.”

“పేరు సరిగ్గా కొట్టినావా అక్కా?”

“నా పేరు నాకు రాయను రాదామ్మే? తక్కినోళ్ళకు కుప్పలు కుప్పలు వస్తాండాయి. నన్ను చూసి నగతాండారు. ఇన్నేండ్లూ ఈడికి టీ తాగేకి వస్తాంటివా అక్కా అంటాండారు.” తానూ నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. “ఆ చిలకంచు చేతికొస్తే ఇంట్లో మగ్గం ఎక్కిస్తా. పడుగు గూడా మాట్లాడుకున్నా. మా ఇంటాయప్పకు నడుము పడిపోయి యాడికీ పోలేకుండాడు. ఇంగ నాకు ఉండేది అదే.”

చూస్తానని చెప్పి పెట్టేసినాను. నాకు అన్నీ కనపడతాయి కదా. స్వామి పేరు కొట్టినాను. అక్క గీతలన్నీ వచ్చినాయి. ఆ వంపు, ఆ తీగ పట్టుకునే తీరు నేను పోల్చుకోలేనా? తక్కినవాళ్ళు పైన స్వామి పేరు రాసి, కింద మూలలో తమ పేరు రాసుకున్నారు. అక్క కాగితాల్లో ఆ మూల ఖాళీ.

మళ్ళా ఫోన్ చేసి అడిగినాను. “గీత కింద నీ పేరు రాసేదానివి కాదా అక్కా?”

“పైన ఆయన పేరు రాసినాక కింద మన పేరేంది పాపా? మా నాయన గూడా రాయలా. గీయించేది ఎవరు, పేరు పెట్టుకునేది ఎవరు?”

ఆమెను ఏమని తప్పుపట్టేది? మా నాయన నన్నూ అట్లే పెంచినాడు.

మేనేజర్ సారు దగ్గరికి పోయి, ఇవన్నీ ధర్మవరం అక్క గీతలు సార్ అన్నాను.

“పేరు ఉందా?”

“లేదు సార్. ఆడ పనిచేసినవాళ్ళందరికీ తెలుసు.”

“వాళ్ళూ పోయేవాళ్ళే కదమ్మా, ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకుంటారు. పేరు లేనిది కంపెనీది.”

“నేను పేరు ఎక్కిస్తే ఆమెకు కనపడతాయి సార్. ఒక్క నిమిషం పని.”

ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. “నువ్వు భక్తిపరురాలివని, ఒకరి మాట ఇంకొకరికి మోయవని ఈ పని నీ చేతికిచ్చినాం. లోపల ఏముందో బయట చెప్పేది కూడా లేదు. ఆమెకు అట్లాంటివి ఏమీ లేవని చెప్పు.”

దాచమని నమ్మి ఇచ్చిన తాళాన్ని ఎవరికీ తెలియకుండా తీయడం దొంగతనమే. తీయకపోవడం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. గుడికి పోయి అడిగినాను. నాకైతే ఏమీ వినపడలేదు. బస్సులో ఎవరో నాకు కిటికీ పక్కన చోటిస్తే, వద్దని నిలబడినాను.

నెలాఖరున డిజైన్ గదివాళ్ళ పేర్లు ఒక్కొక్కటే సెర్చ్‌లోంచి తీసేసినాను. అక్క పేరు చివరికి పెట్టుకున్నాను. దానివల్ల మారేదేమీ లేదని తెలిసినా అట్లే చేసినాను.

సాయంత్రం ఆమె ఫోన్. “ఇంగ లోపలికే పోనీలేదు పాపా. ఒగ మాట అడుగుతా, చెప్పు. నా చిలక ఆడ ఉండాదా, లేదా?”

లేదు అని చెప్పాల. నోట్లో ఆ మాటే పెట్టుకున్నాను. అయినా, “ఉండాది అక్కా” అన్నాను.

అవతల ఎవరిదో మగ్గం ఆడుతున్న చప్పుడు మాత్రం వినపడతా ఉంది.

“ఎందుకు చెప్తివి పాపా?” అనింది మెల్లగా. “లేదంటే, చెదలు తినేసిందనుకొని మళ్ళా గీసుకుంటాంటి కదా. ఉండాదంటివి. ఉండి గూడా నాకియ్యలేదంటే ఇంగ అది వాళ్ళది. నేను గీస్తే దొంగగీత అవుతాది.”

ఆమే ఫోన్ పెట్టేసింది.

తర్వాత ఆఫీసు పని మీద ధర్మవరం పోయినప్పుడు వాళ్ళింటికి పోయినాను. వాకిట్లో కూర్చుని ఎవరివో చీరలకు కుచ్చులు కడుతోంది. అంగళ్ళవాళ్ళు ఇచ్చి పోతారంట. లోపల మగ్గం ఉంది, పడుగు ఎక్కలేదు. వాళ్ళాయన మంచం మీదనుంచే, బాగుండావామ్మా అని పలకరించినాడు. అక్క కాఫీ పెట్టి తెచ్చింది. ఎండల గురించి, మా నాయన ఆరోగ్యం గురించి మాట్లాడింది. అడగగూడదని అనుకుంటూనే అడిగినాను.

“ఇంకేమైనా కొత్తది గీయలేదా అక్కా?”

“కూర్చుంటా పాపా. కొత్తదే గీయాలని కూర్చుంటా.” చేతిలోని పోగులు ముడివేసి, పంటితో కొస తెంచింది. “నాలుగు గళ్ళు నింపేసరికి చెయ్యి ఆడికే పోతాండాది. అదే తీగ. అదే మెడ తిరుగుతాండాది. చించి పొయ్యిలో ఏస్తాండా.”

ఆమె ఇంకొక కుచ్చు అందుకుంది.

“కాఫీ చల్లారిపోతాంది, తాగు.”

తాగినాను.