పెద్దమ్మను ముట్టి చూడని వైద్యం

మా పక్కింటి పెద్దమ్మ సోమవారం తెల్లవారుజామున పోయింది. కడుపులో గడ్డ. ఏడాదిగా నొప్పి అని మొత్తుకున్నా, ఫిల్మ్ నగర్‌లో మా వీధి చివర క్లినిక్ నడిపే డాక్టరు ఒక్కసారి కూడా ఆమె పొట్ట మీద చెయ్యి వేసి చూడలేదు. వీధిలో అందరూ గుసగుసగా అనుకుంటున్న మాటే ఇది. నేను కాగితం మీద పెడుతున్నాను.

పెద్దమ్మ కాకినాడ వైపు నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టు. ఆమెకు దొరికే వేషం ఎప్పుడూ ఒకటే. కుర్చీలో కూర్చుంటుంది, కుర్చీ విరుగుతుంది, హాలంతా నవ్వుతుంది. "నా ఒళ్ళే నాకు అన్నం పెడుతోందిరా" అనేది. మా అమ్మకు జ్వరమొస్తే చారు కాచి తెచ్చి, తాగేదాకా గుమ్మంలోంచి కదిలేది కాదు.

ఒకసారి ఆమెకు తోడుగా క్లినిక్‌కి వెళ్ళాను.

"నొప్పి ఇక్కడండీ, కుడి పక్కన" అంది.

డాక్టరు తల ఎత్తలేదు. "ముందు ఒళ్ళు తగ్గించమ్మా. రాత్రిపూట అన్నం మానెయ్యి."

"ఎప్పుడో మానేశానండీ."

"మరి ఇదంతా గాలికి పెరిగిందా?"

కాంపౌండరు కిసుక్కున నవ్వాడు. నాకు మండిపోయింది.

"సార్, జర ముట్టి చూడుండ్రి. నొప్పని చెప్తుంటే గిట్ల మాట్లాడుతరేంది?"

పెద్దమ్మ నా చొక్కా పట్టుకుని బయటికి లాగింది. "గొడవ చేస్తే రేపు లోపలికే రానివ్వరు. సెట్లో నన్ను చూసి నవ్వితే డబ్బులిస్తారురా. ఇక్కడ నేనే ఫీజు కట్టి నవ్వించుకుంటున్నాను."

తర్వాత ఆమె చిక్కిపోసాగింది. జాకెట్లు వదులయ్యాయి, ముద్ద దిగేది కాదు. షూటింగులో ఒంటికి దూది కట్టి పాత వేషమే వేయించారు. ఆ రోజుల్లోనే మళ్ళీ క్లినిక్‌కి వెళ్తే డాక్టరు మొదటిసారి ఆమె మొహం చూసి నవ్వాడట. "వెరీ గుడ్. ఇలాగే తగ్గుతూ ఉండు." ఇంటికొచ్చి, "మెచ్చుకున్నాడ్రా" అని చెప్పింది.

చివరికి పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని, పొట్ట తడిమి చూసి, స్కానింగుకి పంపింది. అప్పటికే ముదిరిపోయింది. పెద్దమ్మ ఆవిడతో, "మీ చెయ్యి చల్లగా ఉందమ్మా, కాసేపు ఉంచండి" అంది.

నేను చదివిన కరపత్రాల్లో దోపిడీ అంటే కూలి ఎగ్గొట్టడమే. లావుగా ఉందని ఒక మనిషి నొప్పిని నమ్మకపోవడాన్ని ఏమనాలో వాటిలో ఎక్కడా లేదు. డాక్టర్లూ, బరువు సంగతి చెప్పండి, కాదనం. ముందు మేం చెప్పేది వినండి. ముట్టి చూడండి.

గురువారం ఉదయం ఆ క్లినిక్ ముందు కలుద్దాం. అక్కడి కుర్చీలన్నిటికీ ఇరుకు చేతులు. పెద్దమ్మ వాటిలో పట్టక, నొప్పితోనే గోడకు ఆనుకుని నిలబడేది. చేతుల్లేని వెడల్పాటి బెంచీ ఒకటి చేయించాం. దాన్ని తీసుకెళ్ళి ఆ హాల్లో వేసి వద్దాం. మోయడానికి నలుగురు కావాలి. పదింటికి రండి.