ఇంకా కొట్టని గుమ్మడికాయ

నమస్తే బ్రదర్. మాస్టారికి మీరు పంపిన మెసేజ్‌లన్నీ చూశాను, జవాబు ఆలస్యమైంది, ఏమనుకోవద్దు. మాస్టారు పోయారు. మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నారు, మళ్లీ లేవలేదు. నాకు రాయాలన్న ధ్యాసే లేదు. ఏడుపు కూడా రాలేదు. షాపు తెరుస్తున్నాను, కేబుళ్లు అమ్ముతున్నాను, అంతే.

మీకు ఆయన మెయిల్‌లోనే తెలుసు, అందుకే చెప్తున్నాను. ఫిల్మ్ నగర్‌లో నా షాపు పైనే అద్దెకుండేవారు. డబ్బింగ్ థియేటర్లలో మిషన్లు బాగుచేసి రిటైరయ్యారు. తుక్కుకి పోతున్న ఒక సౌండ్ మిక్సర్ తెచ్చుకున్నారు. దాన్ని చేసిన కంపెనీ మూతపడింది, అందులోని ప్రాసెసర్ మీద ఏ కెర్నలూ నడవదు. నడిపిస్తానని కూర్చున్నారు. ఇది లేస్తే ఇలాంటివి ఇంక ఎవరూ తూకానికి అమ్మక్కర్లేదనేవారు. కెర్నల్ అంటే ఏందని అడిగితే, "మిషన్‌ని లేపి నడిపించే ప్రోగ్రామండీ, మీ షాపుకి మీరెలాగో అలాగ. మీరొచ్చి షట్టర్ ఎత్తకపోతే లోపల ఎంత సరుకుంటే ఏం లాభం?" అన్నారు.

మొదటిసారి కరెంటు పెట్టే రోజు నేను ఊరుకోలేదు. "ముహూర్తం లేకుంట ఎట్ల సార్, జర ఆగుండ్రి" అని కొబ్బరికాయ తెచ్చాను.

"మీరు కొట్టండి, నేను ప్రార్థన చేసుకుంటాను. ఎవరిది పనిచేసిందో తర్వాత తేల్చుకుందాం."

తెర మీద ఏమీ రాలేదు. ఇద్దరం చాయ్ తాగాం. చాన్నాళ్లకి ఒకే ఒక్క అక్షరం వచ్చింది. షాపులో గిరాకీ నిలబడి ఉండగానే నా చేయి పట్టుకుని పైకి లాక్కెళ్లారు. "లోపల ఎవరో ఉన్నారండీ" అన్నారు మెల్లగా.

షూటింగ్ పూర్తయితే ఇక్కడ గుమ్మడికాయ కొడతారు కదా. మిక్సర్ పూర్తిగా లేచిన రోజు కొడదామని ఎర్రగడ్డ రైతుబజారు నుంచి ఒకటి తెచ్చి దాని పక్కనే పెట్టాను. తొందరెక్కువ మీకు, అని నవ్వారు. కానీ రోజూ పనికి కూర్చునే ముందు దాని మీద దుమ్ము తుడిచేవారు.

టైమర్ దగ్గర ఆగిపోతోందని మీకు తెలిసిందే. లోపలి గడియారం కదిలితే తప్ప కెర్నల్ ముందుకు పోదు, అలాగే ఎదురుచూస్తూ ఉంటుంది. శనివారం, ప్రోగ్రాంలో చేయమని మీరు పంపిన మార్పు చదివి, "ఈ అబ్బాయి పట్టుకున్నాడండీ. రేపు చర్చి నుంచి వచ్చాక వేసి చూద్దాం" అన్నారు.

వేసి చూడటం నాకు రాదు. మాస్టారి భార్య ఇల్లు ఖాళీ చేస్తున్నారు. దీన్నేం చేద్దాం బాబూ, పడేద్దామా అని మిక్సర్ చూపించి అడిగారు. నేనే షాపులోకి దించుకున్నాను. ఆన్ చేస్తే అదే లైను దగ్గర నిలబడి ఉంది. పక్కన గుమ్మడికాయ, దాని మీద దుమ్ము. తుడవబుద్ధి కాలేదు.

ఎప్పుడొస్తారు బ్రదర్?