ఆదివారం మేత

మా మనవరాలు ఫ్రిజ్‌లోని ఈస్టు పొట్లం విప్పి గోరువెచ్చని నీళ్లలో కలిపినప్పుడు వంటింట్లో ఒక పుల్లటి వాసన వస్తుంది. మదనపల్లెలో, మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో, నేను పెరిగిన ఇంటి వాసన అది.

రెండో ప్రపంచయుద్ధం రోజులు. మా నాయన మిషన్ బడిలో ఉపాధ్యాయుడు. మా అమ్మ ఆసుపత్రి దొరసాని దగ్గర రొట్టె చేయడం నేర్చుకుని, ఖాళీ కిరసనాయిలు డబ్బాలో పెట్టి, కిందా మీదా నిప్పులు వేసి శనివారం శనివారం కాల్చేది. రొట్టెను పొంగించే పులిపిండి ఒక జాడీలో, నీళ్లకుండల కింది తడి ఇసుకలో మెడదాకా పూడ్చి ఉండేది. జాడీకి మూత బిగించకూడదు, పలుచటి గుడ్డ కట్టాలి. వాడుకున్న ప్రతిసారీ పిడికెడు మిగిల్చి, ఉర్లగడ్డ, అంటే బంగాళాదుంప, ఉడికిన నీళ్లు చల్లార్చి పోసి, చక్కెర దొరకని ఆ కాలంలో పుంగనూరు బెల్లం కాస్త గీరి వేసి, గోధుమపిండితో కలిపి పెట్టాలి. దీన్ని అమ్మ మేపడం అనేది. ఎండాకాలమైతే రోజూ మేపాలి.

మొదట దాన్ని ఈతకల్లుతో పులియబెట్టారు. కల్లు పేరే ఎత్తనివ్వని నాయన ఒకసారి ఆ సంగతి తీస్తే, "అది మారుమనసు పొంది శానా దినాలయిందిలేప్పా" అంది అమ్మ. అప్పటికే జిల్లాలో కల్లు నిషేధం వచ్చేసింది. ఇక ఆ పులిపిండి చస్తే మళ్లీ మొదలుపెట్టే దారి లేదు.

చిక్కల్లా ఆదివారంతోనే. ప్రభువు దినాన పని చేయకూడదని ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. శనివారం వండిందే తినేవాళ్లం.

"గొడ్డుకు గడ్డేస్తే పనయితాదా? ఇదీ పానం ఉండేదే కదప్పా" అనేది అమ్మ.

"పానముంటే అరవమను, సూద్దాం" అనేవాడు నాయన.

అందుకని అమ్మ శనివారం సాయంత్రం దాన్ని కడుపునిండా మేపి, మరునాడు జాడీని చేదతాడుకు కట్టి బావిలో నీళ్లకు జానెడు పైన వేలాడదీసేది. ఆ చల్లదనానికి అది నిదానించేది.

ఒక ఎండాకాలం కుప్పంలో అక్కకు కాన్పు దగ్గర పడింది. అమ్మ పులిపిండిలో కొంత తీసి రాగిపిండితో పిసికి, చిన్న ఉండలు చేసి, చాటలో నీడన ఆరబెట్టింది. ఎండలో పెడితే చచ్చిపోతుందట. ఎండిన ఉండలన్నీ గుడ్డసంచిలో వేసుకుని, జాడీని మాకప్పజెప్పి, బొగ్గుతో నడిచే బస్సెక్కి పుంగనూరు మీదుగా కుప్పం వెళ్లింది.

ఆదివారం వచ్చింది. బావి అడుగంటింది, రాళ్ల వేడి పైకే తగులుతోంది, జాడీని దించి లాభం లేదు. పొద్దున గుడ్డ విప్పి చూస్తే బుడగలు లేవు. పైన బూడిదరంగు నీళ్లు తేలి ముక్కు మండే వాసన వచ్చింది. చర్చిలో నేను ప్రసంగం వినలేదు. అమ్మకు ఏమని చెప్పేది అనుకుంటూ కూర్చున్నాను.

ఇంటికొచ్చాక నాయన జాడీలోకి తొంగిచూశాడు. తరువాత కోటు విప్పి కొక్కేనికి తగిలించి, పొయ్యి రాజేశాడు. అలవాటు లేని చేతులు. ఉర్లగడ్డ తోలుతోపాటు సగం గడ్డ పోయింది, బెల్లం గీరుతూ వేలు గీరుకున్నాడు. పైన తేలిన నీళ్లు వంచి, చల్లారిన ఉర్లగడ్డ నీళ్లు పోసి, బెల్లం, పిండి వేసి కలిపాడు.

"నాయనా, ఈపొద్దు ఆదివారం కదా" అన్నాను.

"అది అరిసిందమ్మా. నాకు ఇనపడింది."

దీపాలవేళకు ఒక బుడగ లేచింది. మేమిద్దరం దాన్నే చూస్తూ శనివారం వండిన చల్లటి సంగటి తిన్నాం. అంత రుచిగల సంగటి మళ్లీ తిన్నట్టు నాకు గుర్తు లేదు.

కుప్పానికి వెళ్లిన ఉండలను అక్క నీళ్లలో నానబెట్టి మేల్కొలిపింది. మా జాడీ పోయాక కూడా అక్క ఇంట్లో అది బతికే ఉంది. అక్క పోయిన రోజుల్లో, వచ్చిపోయే జనం మధ్య, దాన్ని మేపాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఇప్పటి పొట్లం నెలల తరబడి ఫ్రిజ్‌లో పడి ఉంటుంది. దానికి మేత అక్కర్లేదు, రొట్టె కూడా బాగానే పొంగుతుంది. అయినా ఆదివారం చర్చినుంచి రాగానే నేనొకసారి ఆ ఫ్రిజ్ తలుపు తీసి చూస్తాను.