అమ్మ తిన్న ఎర్రమన్ను

మా చిన్నప్పుడు... జహీరాబాద్‌లో మా వంటింటి గోడను ఎలుకలు తింటున్నాయని మా నానమ్మ గట్టిగా నమ్మేది. పొయ్యి వెనక, కూర్చుంటే చెయ్యి అందే ఎత్తులో, ఎర్రమన్ను రోజురోజుకూ తరిగిపోయేది. పొద్దున నానమ్మ మెత్తేది, సాయంత్రానికి మళ్లీ గుంట.

ఎలుకలు కాదు. అమ్మ.

అరవైల మొదట్లో మాట ఇది. అమ్మ అప్పుడు కడుపుతో ఉంది, నెలలు నిండుతున్నాయి. ఆ గోడ మీద నాలుగు చుక్కల నీళ్లు పడితే వచ్చే వాసనకు ఆమె ఆగలేకపోయేది. చిన్న పెళ్ల గీరి కొంగు చాటున నోట్లో వేసుకునేది. నేను చూస్తే కళ్లతోనే చెప్పొద్దనేది. నేను ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో తిండి లేదా అని మీరు అడగొచ్చు. ఉంది... జొన్నలు, కందులు, చేల గట్ల మీద దొరికే ఆకుకూరలు. కానీ అందరూ తిన్నాక అమ్మ తినాలి. అది కూడా సగం రొట్టె. కడుపుతో ఉన్నామె నిండుగా తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని నానమ్మ భయం. "కడుపుల బిడ్డకు జాగ ఉండాలె" అనేది. చుట్టుపక్కల ఇళ్లలోనూ అదే మాట. బొప్పాయి వద్దు, నువ్వులు వద్దు, అది వేడి, ఇది చలువ... ఆ వద్దులన్నీ రాయాలంటే ఇప్పుడు నాకే ఓపిక లేదు.

ఇక నోటికి ఏదైనా కావాలనిపిస్తే పుట్టింట్లో చెప్పుకోవాలి. అత్తింట్లో కోరిక చెప్పడం సిగ్గులేనితనం. అమ్మ పుట్టిల్లు న్యాల్‌కల్ దగ్గర. అక్కడ చెప్పుకుందామంటే వాళ్లమ్మ ఎప్పుడో పోయింది. అందుకని అమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. నీళ్లు మోసింది, జొన్నలు విసిరింది, పేడ ఎత్తింది... నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకుని ఆగిపోయేది. పాదాలు ఉబ్బాయి. పెదాలు సున్నం రాసినట్టు తెల్లబడ్డాయి.

ఒకరోజు నానమ్మ సంతలో ఇనుప ఎలుకబోను కొనుక్కొచ్చి, ఎవరికీ చెప్పకుండా పొయ్యి వెనక చీకట్లో ఆ గుంటలో పెట్టింది. మధ్యాహ్నం టక్కుమని చప్పుడయింది. "పడ్డది, పడ్డది" అనుకుంటూ నానమ్మ కట్టె పట్టుకుని వంటింట్లోకి ఉరికింది. వెనకాలే నేను.

బోనులో అమ్మ వేళ్లు ఉన్నాయి. అరవకుండా కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

నానమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కట్టె పడేసి బోను ఊడదీసింది. "ఇదేంది బిడ్డా... గోడ తింటున్నవా నువ్వు?" అంది.

వేళ్లకు కట్టు కట్టించడానికి అమ్మను దవాఖానకు తీసుకెళ్లింది. నేనూ వెంట పోయాను. నర్సమ్మ కట్టు కట్టి, అమ్మ కింది రెప్ప లాగి చూసింది. తర్వాత నానమ్మ వైపు తిరిగింది.

"ఒంట్ల రక్తమే లేదు పెద్దమ్మా. రక్తం తక్కువైతే గిట్ల మన్ను మీదికి మనసు పోతది. మన్ను తింటే పురుగులైతయి, ఉన్న రక్తం గూడ పోతది. గోళీలిస్త, మింగాలె. పప్పు, ఆకుకూర కడుపునిండ పెట్టు. గిట్లనే ఉంటే కాన్పుల తల్లి దక్కది."

"బిడ్డ లావైతదమ్మా," అంది నానమ్మ మెల్లగా. "నా బిడ్డకు నెయ్యి పోసి పెట్టిన. కాన్పుల ఇద్దరు పోయిన్రు. నేను పెట్టిందే దాన్ని చంపింది."

"తిండి చంపలే. లోపట బిడ్డ అడ్డం తిరిగితే నువ్వేం చేస్తవ్ పెద్దమ్మా."

మా మేనత్త కాన్పులో పోయిందని నాకు తెలుసు. ఆ నేరం నానమ్మ తన నెత్తిన మోస్తోందని ఆ రోజే తెలిసింది. ఆమె మీద జాలేసింది... కానీ ఆకలి మాత్రం అమ్మదే కదా.

ఇంటికి రాగానే నానమ్మ అమ్మను పీట మీద కూర్చోబెట్టింది.

"ఏం తినబుద్ధైతుంది, చెప్పు."

"ఏమొద్దత్తమ్మా."

"మీ అమ్మ అడిగిందనుకో. జర చెప్పు బిడ్డా."

"వేడి రొట్టె," అంది అమ్మ నేల చూస్తూ. "వేరేటోళ్లు చేసి పెడితే... వేడివేడిది."

మామిడికాయ కాదు, మిఠాయి కాదు. పెళ్లయిన నాటి నుంచి ఆ ఇంట్లో రొట్టెలు చేసింది అమ్మే. అందరికీ పెట్టాక చల్లారి గట్టిపడ్డ రొట్టె తిన్నదీ అమ్మే.

నానమ్మ పొయ్యి ముందు కూర్చుని రొట్టె తట్టింది. పుంటికూర పప్పు వేసి పెట్టింది. అమ్మ తింటూ ఏడ్చింది. "తిను... ఏమన్నైతే ఆ పాపం నాదే" అని గొణుక్కుంటూ నానమ్మ ఇంకొకటి తట్టింది. కాన్పు దాకా అంతే... పెట్టేది, భయపడేది, మళ్లీ పెట్టేది.

తమ్ముడు పుట్టాడు. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. నానమ్మ గడప మీద కూలబడి, మా మేనత్త పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది.

అన్నీ మారిపోయాయని రాయాలని ఉంది కానీ... బాలింత రోజులు అయిపోగానే అమ్మ మళ్లీ పొయ్యి ముందుకే వెళ్లింది, మళ్లీ అందరి తర్వాతే తింది. ఎవరూ బలవంతం చేయలేదు.

ఇప్పుడు మా మనవరాలు కడుపుతో ఉంది. ఏం తినాలో, ఏం తినకూడదో డాక్టరమ్మనే అడుగుతుంది. తనకు కావలసింది నన్ను గట్టిగా అడుగుతుంది. మోకాళ్లు సహకరించవు, అయినా లేచి చేసి పెడుతున్నాను. ఆ పిల్ల అడగడం నాకు ఇష్టం.

అమ్మ ఎనభై దాటాక పోయింది. ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని "ఏం తినబుద్ధైతుందమ్మా?" అని అడిగితే... "మీరు తిన్నంక ఏం మిగిల్తే అది" అనేది.

మిమ్మల్ని మోస్తున్నప్పుడు మీ అమ్మకు ఏం తినాలనిపించిందో మీకు తెలుసా? తెలిస్తే కింద రాయండి, చదువుకుంటాను. తెలియకపోతే... అడగడానికి అమ్మ ఇంకా ఉంటే, ముందు లేచి వెళ్లి అడగండి.